గడ్డకట్టిన గాడి

ఆర్లో సైకిల్ మీద ఎవరినో కూర్చోబెట్టుకుని నడిపించుకొస్తున్నాడు. అడవిలోని మంచు సైకిల్ బాట మొదట్లో ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని కాఫీ తాగుతున్న ఐలీ కాంగస్‌కు దూరం నుంచి అది వేళాకోళంలాగే కనిపించింది. పొద్దున్నే మొదలెట్టాడు వీడు, అనుకుంది. ఆర్లో తాగుడు మానేసి చాలాకాలమైందని ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా అలా అనుకోవడం ఊరికి అలవాటు, ఐలీకీ అలవాటే.

తర్వాత అతని చేతులు కనిపించాయి. ఊపిరి మీసం మీదే గడ్డకట్టే మార్చి చలిలో పలచని చొక్కాతో ఉన్నాడు. అతని కోటు సైకిల్ మీదున్న మనిషి ఒంటి మీద ఉంది. ఆ కోటు మెడపట్టీ నుంచి గుండెల దాకా ఎర్రగా ఉంది.

"మార్జీ," అంది ఐలీ. గట్టిగా కూడా అనలేదు. కాఫీ కప్పు చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు, కింద మంచులో గోధుమరంగు గుంట పడింది.

ఐలీ నేస్తం మార్జీ లిండ్‌హోమ్ యాభై దాటిన మనిషి. అయినా మంచు బాట మీద ఆవిణ్ణి దాటిపోయిన కుర్రాడు ఊళ్ళో లేడు. అలాంటి మార్జీ ఇప్పుడు సైకిల్ సీటు మీద బస్తాలా ఒరిగిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు ఐలీని దాటి ఎటో పోతోంది. పై పెదవి చీలింది. నవ్వితే ముందుగా కనబడే పన్ను లేదు. హెల్మెట్ అడ్డంగా పగిలి ఉంది.

"హేమ్‌లాక్ చెట్ల మలుపు దగ్గర పడి ఉంది, మిసెస్ కాంగస్," అన్నాడు ఆర్లో. పళ్ళు టకటకలాడుతున్నాయి. "మెడకింద ఎముక విరిగినట్టుంది. ఆ చెయ్యి పట్టుకోకండి. మలుపులో గాడి ఉంది, అందులో చక్రం పడింది."

సైకిళ్ళ దగ్గర వంగి టైర్లలో గాలి తగ్గిస్తున్న వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. మంచు మీద తొక్కాలంటే టైరు బొటనవేలికి మెత్తగా నొక్కుకుపోవాలి. సగం గాలి తీసిన టైర్లు అలాగే ఉండిపోయాయి. సైకిల్ షాపు గ్లెన్ పరుగెత్తుకొచ్చి మార్జీ నడుం పట్టుకున్నాడు. బాటను చూసుకునే సైకిల్ క్లబ్బుకు పెద్ద ఆయనే.

"గాడేమిటి?" అంది ఐలీ. "నిన్న నేనే మంచు బండేసుకుని బాటంతా చదునుగా లాగి వచ్చాను. అద్దంలా ఉంది."

"ఉంది, మిసెస్ కాంగస్. నేను చూశాను."

"అయితే నేను లాగాక ఎవడో తొక్కాడన్నమాట."

అందరూ ఆర్లో సైకిల్ వైపు చూశారు, ఆ తర్వాత ఆర్లో వైపు చూశారు. ఆ మాట అన్నది తనేనని, ఆ చూపులను అటు తిప్పింది తనేనని ఐలీకి ఆ క్షణాన తోచలేదు.

మార్చి వచ్చిందంటే ఆ ఊళ్ళో బాటకు రెండు బతుకులు. రాత్రి చలికి గడ్డకట్టి, పొద్దున్న సిమెంటులా మోగుతుంది. టైర్లకు మేకులున్న సైకిల్ మీద కూర్చుంటే ఎగిరిపోవచ్చు. ఎండ చెట్ల మీదికెక్కి, మేపుల్ మానులకు పాకం కోసం కట్టిన డబ్బాల్లో రసం టప్‌టప్ మని పడడం మొదలైతే బాట మెత్తబడుతుంది. అప్పుడు తొక్కినవాడి చక్రం దిగుతుంది, గాడి పడుతుంది. ఆ గాడి రాత్రికి ఇనుమవుతుంది. మర్నాడు దిగుడులో వేగంగా వచ్చేవాడి ముందు చక్రం అందులో పడితే ఇక ఎటు తిప్పినా తిరగదు. అందుకే బొటనవేలు మంచులో గోరు దాటి దిగితే సైకిల్ దిగిపోవాలన్నది అక్కడి మొదటి నీతి. దొంగతనం చేసినవాణ్ణయినా క్షమిస్తారేమో గానీ గాడి పెట్టినవాణ్ణి క్షమించరు.

ఆర్లో పాస్టీ దుకాణంలో పనిచేస్తాడు. తెల్లారకముందే పొయ్యి వెలిగించి, మాంసం, బంగాళాదుంప కూరిన రొట్టెలు కాల్చాలి. ఆ రోజు శనివారం, దుకాణం ఆలస్యంగా తెరుస్తారు, అందుకే తెల్లారాక బయల్దేరాడు. తాగి బండి నడిపి చర్చి కంచె విరగ్గొట్టినందుకు అతని లైసెన్సు పోయింది కనుక ఊరవతలి ట్రెయిలర్ ఇంటి నుంచి దుకాణానికి ఈ బాట మీదే సైకిల్. పొద్దున్న గట్టి మంచు మీద రావడం బాగానే ఉంది. పని అయ్యాక తిరిగి వెళ్ళేది మాత్రం మధ్యాహ్నం, బాట అంబలిలా ఉన్నప్పుడు.

మార్జీని ట్రక్కులో ఐలీ పక్కన కూర్చోబెట్టారు. ఐలీ తాళం తిప్పింది. ఆర్లో వచ్చి అద్దం మీద వేళ్ళతో కొట్టాడు.

"మిసెస్ కాంగస్, ఆ కోటు జేబులో..."

"నీ కోటు ఎవడూ ఎత్తుకుపోడులే," అని ఐలీ ట్రక్కు కదిలించింది.

వెనక అద్దంలో అతను చొక్కాతో అలాగే నిలబడి ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం గ్లెన్ చెక్క పలక మీద రంగుతో రాసి తెచ్చాడు. 'మెత్తబడిన బాట మీద సైకిళ్ళు నిషేధం. క్లబ్బు సభ్యులకు మాత్రమే ప్రవేశం.' ఐలీ సుత్తి పట్టుకుంది. మేకులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి బాట మొదట్లోని గుంజకు దిగ్గొట్టింది. పాతికేళ్ళుగా స్కూలు బస్సు నడిపి, సాయంత్రాలు ఒక్క పైసా తీసుకోకుండా బాట నున్న చేసే చేతులవి. ఆ కోపం తన హక్కనుకుంది.

"మలుపు దగ్గరికి వెళ్ళి చూసొస్తాను," అంది.

"అక్కర్లేదు. గాడి నేనే పూడ్చేశాను," అన్నాడు గ్లెన్ పలక వంకర సరిచేస్తూ. "ఇంకొకళ్ళు పడకూడదు కదా. మార్జీ ఎలా ఉంది?"

"మెడకింద ఎముక, రెండు పక్కటెముకలు. మాట్లాడుతోంది. పన్ను దొరికుంటే అప్పుడే పెట్టేసేవాళ్ళమన్నాడు పళ్ళ డాక్టరు."

ఆర్లో రోడ్డు మీంచి నడుచుకుంటూ వచ్చాడు. ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు వేసుకున్నాడు. పలక ముందు నిలబడి పెదాలు కదుపుతూ చదివాడు.

"ఆవిడకెలా ఉందో అడుగుదామని వచ్చాను."

"బతికింది," అన్నాడు గ్లెన్. "చూడు ఆర్లో, గొడవ పెట్టుకోవాలని లేదు. స్థలం క్లబ్బు కౌలుకు తీసుకుంది. నువ్వు సభ్యుడివి కాదు. ఇక ఈ బాట మీదికి రావద్దు."

"మధ్యాహ్నాలు నేను తొక్కను, గ్లెన్. దిగి నెట్టుకుంటూ పోతాను. అదీ అంచుమీద."

"చూసినవాళ్ళెవరు?"

ఆర్లో ఐలీ వైపు తిరిగాడు. చిన్నప్పుడు ఆమె బస్సులో చివరి సీటులో కూర్చునేవాడు. తప్పెవరిదైనా మొదట వినబడేది అతని పేరే.

"మిసెస్ కాంగస్, మీరన్నా చెప్పండి."

"ఏం చెప్పమంటావ్? బస్సులో సీటు చింపినప్పుడూ ఇదే మాటన్నావు. నేను కాదు, నేను కాదు అని."

"అది నిజంగా నేను కాదండీ," అన్నాడు ఆర్లో మెల్లగా.

గ్లెన్ నవ్వలేదు. అతను ఐలీ మొహంలోకి కూడా చూడలేదు, సుత్తి తీసుకుని వ్యానులో పెట్టాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఆ రోజు ఐలీకి మొత్తినట్టు కూడా అనిపించలేదు, న్యాయం చేసినట్టే ఉంది.

సోమవారం తెల్లవారుజామున రోడ్డు మీద అతను కనిపించలేదు. మంగళవారం కనిపించాడు.

రోడ్డుకు రెండు పక్కలా మంచు తోసే లారీలు పోసిన గట్లు మనిషెత్తు ఉన్నాయి. ఆ గట్లకీ తెల్లగీతకీ మధ్య కాలు పెట్టే చోటు లేదు. దుంగల లారీలు ఆ దారినే మిల్లుకు పోతాయి. ఐలీ బస్సు వంపు తిరిగేసరికి ఎదురుగా లారీ దీపాలు కనిపించాయి. బస్సుకు ముందు ఒక ఎర్రదీపం, సైకిల్‌ది, నిప్పురవ్వంత. లారీ హారన్ కొట్టింది. ఎర్రదీపం పక్కకు కొట్టుకుపోయింది.

ఐలీ బ్రేకు మీద నిలబడింది. పిల్లలు ముందు సీట్లకు గుద్దుకున్నారు. లారీ గాలితో బస్సు ఊగింది, దుంగల బెరడు అద్దానికి కొట్టుకుంది. ఆర్లో గట్టుకు వీపు ఆనించి, చేతులు చాచి, సైకిల్‌ను కాళ్ళ మధ్య నిలబెట్టుకుని ఉన్నాడు. నెత్తిన మంచు పడి ఉంది.

ఆమె పక్క అద్దం జరిపింది.

"చస్తావురా. రోడ్డు మీద రావడానికి నీకేమన్నా పిచ్చా?"

"మరి ఎటు రమ్మంటారు?" అన్నాడు ఆర్లో. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"కోటేది నీది?"

"మిసెస్ లిండ్‌హోమ్ దగ్గరుంది. పనికి ఆలస్యమవుతోందండీ. నిన్న నడిచొచ్చేసరికి ఆలస్యమై ఒక పొయ్యి వెలగనే లేదు. ఇంకోసారైతే పనిలోకి రావద్దన్నారు."

వెనక సీట్లోంచి ఒక పిల్ల అద్దం దించి, "బాట పాడుచేసినోడా," అని కేకేసింది. మిగతా పిల్లలు అందుకున్నారు. ఐలీ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది, నోళ్ళు మూతపడ్డాయి. ఇళ్ళల్లో విన్నదే పిల్లలు పలికారు. ఇళ్ళల్లోకి ఆ మాట ఎక్కడినుంచి వెళ్ళిందో ఆమెకు తెలుసు.

బడి ఆలస్యమైతే అయింది, దుకాణం దాకా ఆమె బస్సును సైకిల్ వెనకాలే నడకవేగంతో పోనిచ్చింది, దీపాలు మిలమిలలాడించుకుంటూ. ముందు నుయ్యి వెనక గొయ్యిగా ఉంది వాడి పని, అనుకుంది. జాలేసింది. అయినా గాడి పెట్టాడు కదా అని ఆ జాలిని తనే పక్కకు తోసింది.

బుధవారం మంచు పడింది. ఏప్రిల్ రాకముందు చివరిది అదే అనుకున్నారందరూ. శుక్రవారం పొద్దువాలాక ఐలీ షెడ్డులోంచి మంచు బండి తీసింది. వెనక ఇనప చట్రం తగిలించింది. చట్రానికి ముందున్న దువ్వెన పళ్ళు గడ్డలను చిదుపుతాయి, వెనకున్న వెడల్పు పలక అణిచి నున్న చేస్తుంది. పలక వంగిపోకుండా దాని వెనక అంచుకు అడ్డంగా ఒక ఇనప పట్టీ బోల్టులతో బిగించి ఉంటుంది. నేల మీద ఉన్నంతసేపూ చట్రం బరువుకు అన్నీ సర్దుకుని అణిగే ఉంటాయి, లోపం కనబడదు.

క్రితం శుక్రవారం ఇంత ఆలస్యంగా బయల్దేరలేదు. ఈస్టరుకు ముందు మాంసం మానేసే ఉపవాస దినాలు, శుక్రవారాలు చర్చి హాలులో వేపుడు చేపల విందు, ముందెళ్తేనే మంచి ముక్కలు. ఎండ ఇంకా చెట్ల మీద ఉండగానే, మంచు ఇంకా మెత్తగా ఉండగానే, గబగబా లాగేసి పోయింది. ఈ పని నేర్పినవాళ్ళు రెండు మాటలు చెప్పారు. పొద్దు దిగాకే లాగు. ప్రతి మలుపులో ఆగి వెనక్కి చూసుకో. ఆ రోజు రెండూ చెయ్యలేదు. ఒక్క రోజుకేమవుతుంది అనుకుంది.

ఈసారి ఆగింది. హేమ్‌లాక్ మలుపు దాటాక, మార్జీ పడ్డ చోటని, కాసేపు నిలబడాలనిపించి బండి ఆపింది. దిగి వెనక్కి చూసింది.

కొత్త మంచు దుప్పటిలా పరుచుకుని ఉంది. దాని నడిమధ్యన ఒక గాడి ఉంది.

సైకిల్ ఏదీ ఇటు రాలేదు. ఆమె ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. గాడి చట్రం వాలిన దిగుడులో మొదలై, చెట్ల మధ్య నుంచి తిన్నగా వచ్చి, మలుపు తిరిగి, ఆమె చట్రం కిందికి వచ్చి ఆగింది.

ఐలీ చేతి తొడుగు తీసేసింది. మోకాళ్ళ మీద కూర్చుని మూడు వేళ్ళు అందులో పెట్టింది. సరిగ్గా పట్టాయి. ఆ వేళ్ళు తియ్యాలనిపించలేదు. కాసేపటికి లేచి చట్రాన్ని రెండు చేతులా పైకెత్తింది. పట్టీకి ఒక వైపు బోల్టు తెగిపోయింది. ఆ కొస వంగి, చేపల గాలంలా కిందికి వేలాడింది. వంపులో తుప్పు పట్టి ఉంది. అది ఇవాళ తెగింది కాదు.

కంచే చేను మేసింది.

ఆమె బాట మీదే కూర్చుండిపోయింది. మార్జీ పెదవి, ఊడిన పన్ను, సైకిల్ మీద ఒరిగిన ఆ బస్తా, అన్నీ తన చేతుల మీదే జరిగాయి. అది చాలదన్నట్టు సుత్తి పట్టుకుని మేకులు కొట్టింది కూడా ఈ చేతులే. 'నేను లాగాక ఎవడో తొక్కాడన్నమాట.' తన గొంతే చెవిలో వినిపించింది, ఎంత ధీమాగా ఉందో. మంచు పిడికెడు తీసి మొహానికి రుద్దుకుంది.

తర్వాత రెంచి తీసి మిగిలిన బోల్టులు విప్పి, పట్టీని బండి మీద పడేసి, బాటంతా మొదటినుంచి మళ్ళీ లాగింది. ప్రతి మలుపులోనూ ఆగింది. చర్చి హాలుకు వెళ్ళలేదు.

శనివారం మార్జీ ఇంట్లో సౌనా, ఆవిరి స్నానం. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాకముందు నుంచి ఉన్న అలవాటు. పెరట్లో దుంగల గది, లోపల పొయ్యి మీద రాళ్ళు, మెట్టు బల్ల. బయట బట్టలు మార్చుకునే చిన్న గది. సౌనాలో గుడిలో ఉన్నట్టే ఉండాలని మార్జీ అమ్మమ్మ చెప్పేది. తగువు పడకూడదు, అబద్ధం ఆడకూడదు. ఆడితే రాళ్ళు పగులుతాయట. ఈ కారణంగానే ఐలీ ఫోన్లో చెప్పకుండా శనివారం దాకా ఆగింది.

చెయ్యి మెడకు వేలాడేసుకున్న మార్జీని డాక్టరు వేడిలోకి వెళ్ళొద్దన్నాడు. ఆవిడ బయటి గదిలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. మధ్య తలుపు ఓరగా తీసి ఉంది. ఐలీ లోపల పై మెట్టు మీద కూర్చుని రాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఆవిరి లేచింది.

"నా వాటా కూడా పొయ్యవే," అంది మార్జీ బయట్నుంచి. పన్ను లేక మాట జారుతోంది. "వాసన్నా పీలుస్తాను."

ఐలీ ఇంకో గరిటె నీళ్ళు పోసింది.

"మార్జీ."

"ఊఁ."

"గాడి నాది."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"నా చట్రం పట్టీ తెగింది. ముందే తెగింది. నేను వెనక్కి చూసుకోలేదు. ఆర్లో కాదు, నేనే నిన్ను పడేశాను."

"తెలుసు," అంది మార్జీ.

నీళ్ళ చప్పుడులో తప్పుగా విన్నాననుకుంది ఐలీ. గరిటె తొట్టిలో పెట్టేసింది.

"ఏం తెలుసు?"

"గాడి నీదని. పడ్డాక నా చెంప దాని పక్కనే ఉంది. లేవలేక దాన్నే చూస్తూ ఉండిపోయాను. సైకిల్ గాడి ఎప్పుడైనా తిన్నగా ఉంటుందా? తాగినవాడి నడకలా అటూ ఇటూ పోతుంది. అది తాడు పట్టి గీసినట్టుంది. బాట మధ్యన అలా పోయేది నీ బండి ఒక్కటే."

"గ్లెన్?"

"వాడూ చూశాడు. అందుకే పూడ్చాడు. ఆదివారం రాత్రి ఆస్పత్రికొచ్చి ఏం చేద్దామని అడిగాడు. నీకు చెప్పొద్దన్నాను."

ఐలీ పై మెట్టు దిగింది. బల్ల అంచు పట్టుకుంది.

"ఎందుకే?"

"ఎందుకేంటి. నీ సంగతి నాకు తెలీదా? తెలిస్తే ఆ బండి తాళం గ్లెన్ మొహాన కొట్టి ఇంట్లో కూర్చుంటావు, జన్మలో మళ్ళీ ముట్టవు. ఇంకెవరు లాగుతారు? బాట లేకపోతే ఈ ఊళ్ళో చలికాలం నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను? నా ఎముక అతుక్కుంటుంది. నువ్వు విరిగితే అతుక్కోవు."

అది ప్రేమే. అంత ప్రేమగా తనకోసం ఇంకెవరూ ఏమీ చేసి ఉండరు. అది ఐలీకి మింగుడుపడలేదు.

"మరి ఆర్లో?"

మార్జీ గొంతు తగ్గింది. "వాడి మీద ఎన్ని నిందలు లేవు? వాటితో పాటు ఇదొకటి."

లోపల ఉండలేక ఐలీ తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది. మార్జీ తల దించుకుని దుప్పటి పోగులు లాగుతోంది. ఆవిడ వెనక గోడ కొక్కేనికి ఆర్లో కోటు వేలాడుతోంది, మెడ దగ్గర మరక నల్లబడింది.

"నిన్ను మోసుకొచ్చాడే," అంది ఐలీ. "చొక్కాతో వచ్చాడు. మంగళవారం లారీ కింద పడబోయాడు, నా కళ్ళముందే. ఆ కోటు లేక రెండు స్వెట్టర్లేసుకుని తిరుగుతున్నాడు. వారం రోజులుగా అది నీ గోడకుంది."

"ఇద్దామనే అనుకున్నాను."

"మరి?"

"ఎలా ఇవ్వను? ఇవ్వాలంటే వాడి మొహం చూడాలి కదా."

ఐలీ తడి ఒంటి మీదే బట్టలు వేసుకుంది. కోటు తీసి చేతికేసుకుంది. మార్జీ ఆపలేదు. సౌనాలో రాళ్ళు ఒక్కటీ పగల్లేదు, ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్న సైకిళ్ళవాళ్ళు వచ్చేసరికి గుంజకు గ్లెన్ రాసిన పలక లేదు. పలక ఉన్నచోట వంగిన ఇనప పట్టీ బోల్టులతో బిగించి ఉంది. కొస కిందికి వేలాడుతోంది, తుప్పుతో సహా. దాని మీద ఏమీ రాసి లేదు. చట్రాన్ని ఎరగనివాడు ఆ గుంపులో లేడు. ఒకరి తర్వాత ఒకరు దగ్గరికొచ్చి చూశారు. ఎవరూ ముట్టుకోలేదు.

గ్లెన్ వ్యాను దిగి నేరుగా ఐలీ దగ్గరికొచ్చాడు.

"తీసెయ్యి, ఐలీ. నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి చాలా చూశావు గ్లెన్. ఇక చాలు."

"నీ పేరు పోతుంది."

"పోనీ. వాడి పేరుకన్నా నాది గొప్పదేం కాదు." ఆమె మంచు బండి తాళం జేబులోంచి తీసి చూపించి, మళ్ళీ జేబులోనే పెట్టుకుంది. "నేను మానెయ్యను. భయపడకు. మానేస్తే వాడికీ బాట ఉండదు. వాడు పొద్దున్న తొక్కుతాడు, మధ్యాహ్నం నెట్టుకుపోతాడు. వద్దనేవాడెవడైనా ఉంటే వచ్చి ఆ చట్రం లాగమను."

ఎవరూ రాలేదు. ఒకతను టైరులో గాలి తియ్యడం మొదలెట్టాడు, సగంలో ఆపి సైకిల్‌ను కారెక్కించుకుని వెళ్ళిపోయాడు.

బాట అవతలి కొసన ట్రెయిలర్ ముందు ఆర్లో సైకిల్ బోర్లా పెట్టి గొలుసుకు నూనె వేస్తున్నాడు. ఐలీని చూసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆమె కోటు ఇవ్వలేదు, ముందు మాట చెప్పింది. పట్టీ, చేపల విందు, వెనక్కి చూసుకోకపోవడం, ఏదీ దాచలేదు. మార్జీకి తెలుసన్నది కూడా చెప్పింది. క్షమించమంది.

ఆర్లో మెట్టు మీద కూర్చున్నాడు. నూనె మరకల చేతులు చూసుకున్నాడు.

"నేనే అనుకున్నాను," అన్నాడు.

"ఏంటి?"

"నేనే గాడి పెట్టాననుకున్నాను. నెట్టుకుంటూనే పోయాను, అది గుర్తే. కానీ అందరూ అంటుంటే... దిగుడులో కాసేపు ఎక్కానేమో, ఎక్కి మర్చిపోయానేమో అని. రోజూ అదే తలుచుకుంటున్నాను. ఆవిడ మొహం అలా అయిపోయింది నా వల్లేనని."

వాణ్ణి రోడ్డెక్కించడమే తాము చేసిన తప్పనుకుంది ఐలీ ఇప్పటిదాకా. వాడి లోపల ఇంత చేశామని తెలియదు. కోటు చాచి ఇచ్చింది. ఆర్లో అది తొడుక్కోలేదు. ముందు ఎడమ జేబులో చెయ్యి పెట్టి తడిమాడు. దుకాణం పేరున్న కాగితపు రుమాలు మడిచిన పొట్లం బయటికొచ్చింది.

"ఇంకా ఇందులోనే ఉందా?" అన్నాడు. "ఎవరూ చూసుకోలేదా?"

"ఏంటది?"

"ఆవిడ పన్ను. మంచులో వెతికి తీశాను. తొందరగా తీసుకెళ్తే మళ్ళీ పెట్టొచ్చంటారు కదా. ఆ రోజు మీకు చెబుదామనే..."

ఐలీ చెయ్యి చాపింది, పొట్లం ఆమె అరచేతిలో పెట్టాడు. బరువే లేదు దానికి.

"రేపు పొద్దున్న బాట గట్టిగా ఉంటుందా, మిసెస్ కాంగస్?"

"ఉంటుంది," అంది ఐలీ. "నేను చూస్తాను."

మార్జీ వంటింట్లో ఉంది, ఒంటి చేత్తో రొట్టెకు వెన్న రాయలేక కత్తితో తంటాలు పడుతోంది. ఐలీ కుర్చీ లాక్కోలేదు. పొట్లం బల్ల మీద పెట్టి విప్పింది. పన్ను చిన్నదిగా, పసుపుపచ్చగా, వేరుతో సహా ఉంది.

"వాడి కోటు జేబులో ఉంది," అంది ఐలీ. "నీ కోసమే వెతికి తీశాడు. ఆ రోజు అద్దం కొట్టి చెప్పబోయాడు, నేను విననివ్వలేదు. తర్వాత నీ గోడకు వేలాడింది."

మార్జీ కత్తి పక్కన పెట్టింది. పన్ను వైపు చూస్తూ ఉండిపోయింది. చీలిన పెదవి వెనక నాలుక కదిలింది, ఖాళీ దగ్గరికెళ్ళి ఆగింది. మొహంలో రంగంతా దిగిపోయింది. పడ్డ రోజు కూడా ఆ మొహం ఇంత తెల్లగా లేదు.

"ఆర్లో ఇంట్లో ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు."

"నువ్వు లోపలికి రావద్దు. వాడి ఇంటి ముందు దింపెయ్, చాలు."

లేచి తలుపు దగ్గరికెళ్ళి బూట్లలో కాళ్ళు దూర్చింది. వంగబోయింది, పక్కటెముకలు పట్టేసి గోడకు ఆనుకుంది.

"కట్టవే," అంది.

ఐలీ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక బూటు తర్వాత ఇంకోటి, తాళ్ళు గట్టిగా లాగి ముడివేసింది.